కవి పేరేది? పియానో వాయించినవారి పేరేది? పాటల యాప్‌ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

పాటల స్ట్రీమింగ్ యాప్‌లు నడుపుతున్న సంస్థల నిర్వాహకులకు, వాటికి రికార్డింగులు అందించే కంపెనీల కేటలాగ్ విభాగాల వారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో పియానో నేర్పుతాను. పాశ్చాత్య గాత్రం నేర్చుకునే పిల్లలు పాడుతుంటే పక్కన కూర్చుని వాయిస్తాను కూడా. ఒకప్పుడు విదేశాల నుంచి ఎవరైనా సీడీ తెస్తే తప్ప వినలేని పాటలు ఇప్పుడు మా విద్యార్థుల ఫోన్లలో ఉన్నాయంటే అది మీ చలవే. ఆ మేలు మరచిపోయి ఈ లేఖ రాయడం లేదు.

నా ఫిర్యాదు ఫ్రెంచ్ పాటల గురించి. 20వ శతాబ్దం మొదటి రెండు మూడు దశాబ్దాల్లో దెబుస్సీ, ఫోరే, రవెల్, లిలీ బూలాంజే, దెలాజ్, పులెంక్ లాంటి స్వరకర్తలు ఒక గొంతుకూ ఒక పియానోకూ కలిపి రాసిన పాటలు. అక్కడ వీటిని మెలొదీ అంటారు. ఈ పాటలు మీ యాప్‌లలో ఉన్నాయి, కానీ వాటి మాటలు రాసిన కవుల పేర్లు చాలావరకు లేవు. పియానో వాయించినవారి పేర్లు చాలాచోట్ల లేవు. పాటల వరుస చెదిరిపోయి ఉంది.

దీని గురించి మీ సహాయ విభాగాలకు ఎన్నోసార్లు రాశాను. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని యంత్రం పంపే జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే రికార్డింగ్ కంపెనీని అడగమన్నారు. ఆ కంపెనీని అడిగితే, మేం అన్ని పేర్లూ పంపుతాం, యాప్ వాళ్లు తమకు కావలసినవే చూపిస్తారు అన్నారు. ఇలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే అడిగేవాడు ఎక్కడికి వెళ్లాలి? అందుకే ఇద్దరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాను.

ముందుగా ఈ పాట ఎలా తయారవుతుందో చెప్పాలి. మన సినిమాల్లో చాలాసార్లు బాణీ ముందు, మాట తర్వాత. ఇక్కడ కవిత ఎప్పుడో పుస్తకంలో అచ్చయి ఉంటుంది. స్వరకర్త దాన్ని చదివి, ఎన్నుకుని, ఒక్కో మాట ఎంతసేపు నిలవాలో, ఎక్కడ మెత్తగా పలకాలో చూసి పాట కడతాడు. సగం పాట గొంతులో ఉంటే సగం పియానోలో ఉంటుంది. పియానో ఇక్కడ శ్రుతి ఇచ్చే వాయిద్యం కాదు. కవితలో చెప్పని మాటలు కూడా అదే చెబుతుంది. అంటే ఒక్కో రికార్డింగులో నలుగురు ఉంటారు: కవి, స్వరకర్త, పాడేవారు, వాయించేవారు. మీ తెర మీద ఇద్దరే కనిపిస్తున్నారు.

ఆకాశవాణిలో కచేరీ వేస్తే గాత్రం ఎవరు, వయోలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నీ చెప్పాకే మొదలుపెడతారు. సినిమా పాట వేసినా రచన, సంగీతం, గానం అని మూడు పేర్లూ చదువుతారు. చెవితో మాత్రమే వినే రేడియో ఇన్నేళ్లుగా చేస్తున్న పని, ఇంత పెద్ద తెర ఉన్న ఫోన్‌లో ఎందుకు కుదరదు? త్యాగయ్య కీర్తన అయితే చివర ముద్ర ఉంటుంది. ఏ రికార్డు మీద ఏ పేరు చెరిగిపోయినా చరణం వింటే కర్త తెలిసిపోతాడు. ఈ ఫ్రెంచ్ పాటలకు ముద్ర లేదు. మీరు పేరు వేయకపోతే ఆ కవి లేనట్టే.

ఇక దీనివల్ల మాలాంటి మామూలువాళ్లకు జరుగుతున్న నష్టాలు ఇవి.

1. పాట అర్థం చేతికి అందడం లేదు. ఫోరే తన 76వ ఏట, వినికిడి బాగా దెబ్బతిన్న రోజుల్లో, 1921లో నాలుగు పాటలు రాశాడు. 'లోరిజాఁ షిమెరిక్' అని వాటి పేరు. సముద్రం, ఓడలు, వెళ్లిపోవాలన్న తపన, అన్నీ అందులో ఉన్నాయి. చివరి పాటలో కవి రేవు వదిలి వెళ్తున్న ఓడలను చూస్తూ, తాను చేయాల్సిన పెద్ద పెద్ద ప్రయాణాలు తీరకుండా తనలోనే మిగిలిపోయాయని అంటాడు. ఆ కవి పేరు జాఁ ద లా విల్ ద మిర్మాఁ. బోర్దో వాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 నవంబరులో ముందు వరుసలో చనిపోయాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. కవితలు పుస్తకంగా వచ్చింది 1920లో, అతను పోయాక. తన పాట ఒక్కటీ వినలేదు, పుస్తకమూ చూసుకోలేదు. ఈ సంగతి తెలిసిన విద్యార్థి ఆ చివరి పాటను ఒకలా పాడతాడు, తెలియనివాడు ఇంకోలా పాడతాడు. నా క్లాసులో ఈ తేడా నేను విన్నాను. మీ యాప్‌లో నేను చూసిన రికార్డింగులలో ఎక్కువ వాటికి కవి గడి ఖాళీగా ఉంది. కొన్నిచోట్ల ఆ గడే లేదు. దేశం కోసం చనిపోయిన కుర్రవాడికి మిగిలింది ఆ నాలుగు పాటల్లో ఒక పేరు. అదీ తీసేశారు.

అదే ఫోరే 1919లో రెనే ద బ్రిమాఁ అనే కవయిత్రి కవితలు తీసుకుని 'మిరాజ్' రాశాడు. ఆమె పేరు అంతకన్నా అరుదుగా కనిపిస్తుంది. దెబుస్సీ 1915 డిసెంబరులో, క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు, యుద్ధంలో ఇళ్లు కాలిపోయిన పిల్లల కోసం ఒక క్రిస్మస్ పాట రాశాడు. నాన్న యుద్ధంలో ఉన్నాడు, అమ్మ పోయింది, బొమ్మలు వద్దు, రొట్టె దొరికేలా చూడు అని ఆ పిల్లలు అడుగుతారు. ఆ మాటలు కూడా దెబుస్సీవే. రచన అన్న గడిలో అతని పేరే వేయాలి. అది ఖాళీగా ఉంటే విన్నవాళ్లు ఏదో పాత జానపదం అనుకుంటారు.

2. పియానో వాయించినవారు మాయమవుతున్నారు. రవెల్ 1906లో జూల్ రెనార్ అనే రచయిత వచనాన్ని తీసుకుని 'ఇస్త్వార్ నాచురెల్' అనే అయిదు పాటలు కట్టాడు. నెమలి, కీచురాయి, హంస, లకుముకి పిట్ట, గిన్నికోడి. అందులో లకుముకి పిట్ట పాట చూడండి. చేపలు పడని ఒక సాయంత్రం. గాలం పట్టుకుని నిలబడ్డ మనిషి కర్ర చివర లకుముకి పిట్ట వచ్చి వాలుతుంది. అతను ఊపిరి బిగపట్టి నిలబడతాడు. ఆ ఊపిరి బిగపట్టడం మొత్తం పియానోలోనే ఉంది. నెమ్మదైన, బరువైన స్వరసమూహాలు, కానీ వేలు ఏమాత్రం గట్టిగా పడకూడదు. పాడేవాళ్లకు ఉన్నవి కొద్ది మాటలే. ఈ పాటను మళ్లీ మళ్లీ వింటూ 'ఇది వాయించింది ఎవరు మేడమ్, ఈయన వాయించినవి ఇంకేం ఉన్నాయి?' అని మా విద్యార్థి అడిగితే చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. యాప్‌లో వెతికితే గాయని పేరు వస్తుంది. పియానో దగ్గర కూర్చున్న మనిషికి పేజీ లేదు, ఫొటో లేదు, ఆ పేరు మీద నొక్కే వీలూ లేదు.

ఈ పాటల చరిత్ర తెలిసినవారికి ఇది మరీ బాధ. 1907 జనవరి 12న పారిస్‌లో ఈ అయిదు పాటలూ మొదటిసారి పాడింది జేన్ బతోరి, పియానో వాయించింది సాక్షాత్తూ రవెల్. సభలో పెద్ద గోల జరిగింది. అదే బతోరి కొన్ని రికార్డుల్లో తానే పియానో వాయించుకుంటూ పాడింది. 1904లో గాయని మేరీ గార్డెన్ దెబుస్సీ పాటలు రికార్డు చేసినప్పుడు పియానో దగ్గర ఉన్నది దెబుస్సీ. స్వరకర్త చేతివేళ్లు వినిపించే రికార్డు అది! నేను చూసిన ఒక జాబితాలో ఆ వాయించినవారి చోటు ఖాళీ. పులెంక్, గాయకుడు పియెర్ బెర్నాక్ 1935 నుంచి 1959 దాకా జంటగా కచేరీలు చేశారు. వాళ్లలో ఎవరు ఎవరికి సహకారం అని ఎవరైనా చెప్పగలరా?

పేరు లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు. ఇవాళ ఈ పాటలు వాయిస్తున్న పియానిస్టులకు కొత్త కచేరీ పిలుపులు ఆ పేరు ద్వారానే వస్తాయి. కళాకారులకు రావలసిన వాటా లెక్క కూడా ఆ పేరు మీదే నడుస్తుంది. పేరు నమోదు కాని మనిషికి ఆ సొమ్ము చేరడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

3. డబ్బు కట్టలేనివాళ్లకు పాట ముక్కలుగా అందుతోంది. లిలీ బూలాంజే 1913లో ప్రి ద రోమ్ అనే పెద్ద ఫ్రెంచ్ పోటీలో మొదటి బహుమతి గెలిచింది, సంగీతంలో అది అందుకున్న మొదటి మహిళ. 24 ఏళ్లకే, 1918 మార్చిలో చనిపోయింది. 1913–14లో ఫ్రాన్సిస్ జామ్ కవితల నుంచి 13 ఎంచుకుని 'క్లెరియేర్ దాఁ ల సియెల్' రాసింది. వెళ్లిపోయిన ఒక అమ్మాయిని తలచుకుంటూ సాగే వరుస అది. పదమూడో పాటలో ముందు పాటల స్వరాలు తిరిగి వస్తాయి. మొదటి పన్నెండూ వరుసగా విన్నవాళ్లకే అవి గుర్తుపట్టడానికి వీలవుతుంది, గుండె పట్టేసేది కూడా వాళ్లకే.

ఇప్పుడు ఉచిత ఖాతా ఉన్న విద్యార్థి ఫోన్ తీసుకోండి. కొన్ని యాప్‌లలో షఫుల్ తప్పదు. పదమూడోది మూడోదిగా వస్తుంది, ఒకటోది చివర వస్తుంది, మధ్యలో యాప్ తనకు నచ్చిన వేరే పాట కలుపుతుంది. వరుస చూసుకుందామని తెర చూస్తే పదమూడు గీతల్లోనూ ఒకటే రాసి ఉంటుంది: 'క్లెరియేర్ దాఁ ల సి...' అని మూడు చుక్కలు. పాట సంఖ్య, పాట పేరు ఆ చుక్కల వెనక ఉండిపోయాయి. కింద కళాకారుల చోట 'లిలీ బూలాంజే' అని ఉంటుంది, ఆమే పాడినట్టు. సబ్‌స్క్రిప్షన్ కట్టినవాళ్లకు వరుస, కట్టలేనివాళ్లకు ముక్కలు. ప్రకటనలు వినిపించండి, మాకు అభ్యంతరం లేదు. కానీ కథ మధ్య పేజీలు చింపి ఇవ్వడం ఏం న్యాయం?

4. మన దేశం నుంచి వెళ్లిన పేర్లు కూడా పోతున్నాయి. ఇది చదివే తెలుగువారు ఇక్కడ కాస్త ఆగాలి. రవెల్ శిష్యుడు మోరిస్ దెలాజ్ 1912లో మన దేశంలో తిరుగుతూ నాలుగు పాటలు రాశాడు. వాటికి మద్రాస్, లాహోర్, బెనారస్, జైపూర్ అని ఊళ్ల పేర్లే పెట్టాడు. చిన్న వాద్యబృందానికి రాసినవి, పియానోతోనూ పాడతారు. 1914 జనవరిలో పారిస్‌లో మొదటిసారి వినిపించాయి. మొదటి పాటకూ చివరి పాటకూ మాటలు భర్తృహరివి. ఏనుగు లక్ష్మణకవి పద్యాల్లో మనం బడిలో చదువుకున్న ఆ భర్తృహరే. నడుం సన్నటి ఒక అందగత్తె అడవిలో నడుస్తూ మధ్యమధ్య ఆగి అలసట తీర్చుకుంటోందని మొదటి పాట మొదలవుతుంది. ఎంతమంది తెలుగువాళ్లకు ఈ సంగతి తెలుసు? మీ యాప్‌లో కవి పేరు ఉంటే తెలిసేది. భర్తృహరి అని వెతికినవారికి ఈ పాట కూడా దొరికేది.

దెలాజ్‌దే 'రాగమాలిక' అని ఇంకో పాట ఉంది, గొంతుకూ పియానోకూ. కోయంబత్తూరు తాయి పాడిన ఒక తమిళ భక్తి పాట గ్రామఫోన్ రికార్డును ఆధారం చేసుకుని కట్టినది. ఆమె గొంతు తిరిగిన తీరును అలాగే పట్టుకోవాలని దెలాజ్ చూశాడు. మన తాళవాద్యం మోత రావాలని పియానోలో మంద్రస్థాయి బి-ఫ్లాట్ స్వరం తీగల కింద అట్టముక్క పెట్టమని రాశాడు. నేను నా పియానోలో పెట్టి చూశాను. మోగడం ఆగిపోయి, చర్మం మీద అరచేయి పడ్డట్టు ఒక పొడి దెబ్బ మిగిలింది. పియానో తీగల మధ్య వస్తువులు పెట్టి వాయించడం తర్వాత కాలంలో పెద్ద ప్రయోగంగా పేరు తెచ్చుకుంది. అందులో మొదటివాటిలో ఒకటి ఒక దక్షిణాది గాయని పాట విని పుట్టింది. ఆమె పేరు ఏ గడిలోనూ లేదు. 'ఆధారం: కోయంబత్తూరు తాయి రికార్డింగు' అని ఒక్క గీత చాలు.

ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జాఁ క్రాస్ 1920లో రాసిన ఆరు పాటలకు మాటలు టాగోర్ గీతాంజలివి, ఆంద్రే జీద్ ఫ్రెంచ్ అనువాదంలో. అక్కడ కవి, అనువాదకుడు ఇద్దరి పేర్లూ వేయాలి.

5. చిన్న పాటకు పైసా రావడం లేదు. చాలా యాప్‌లలో 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. పులెంక్ 1919లో అపోలినేర్ చిట్టి కవితలతో 'ల బెస్తియేర్' రాశాడు, ఆరు పాటలు. అందులో మిడత పాట మొత్తం దాదాపు అర నిమిషం. కాస్త చురుగ్గా పాడినవాళ్లు చివరిదాకా వినిపించినా లెక్కలోకి రాకపోవచ్చు. దీనికి తోడు ఒక పెద్ద యాప్ 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకు అసలు చెల్లింపే ఉండదని నియమం పెట్టింది. హిట్ సినిమా పాటకు అది లెక్కే కాదు. మెలొదీలు పాడే ఒక యువ గాయనికి అది ఆల్బమ్ మొత్తం.

మీవైపు నుంచి వచ్చే జవాబులు నాకు తెలుసు. తెరమీద చోటు లేదంటారు. మొదటి తెరమీద అన్నీ వేయమని ఎవరూ అనడం లేదు, నొక్కితే కనిపించినా చాలు. సమాచారం మాకు రాదంటారు. రికార్డింగులు పంపే పరిశ్రమ ఫార్మాట్‌లో రచయితకూ, ఒక్కో వాయిద్యకారునికీ చోటు ఎప్పటి నుంచో ఉంది. సీడీ వెంట వచ్చే చిన్న పుస్తకంలో కవి పేరు, పాట పాఠం, అనువాదం అన్నీ అచ్చువేసేవారు. అంటే సమాచారం కంపెనీల దగ్గర ఉంది. 2023లో ఒక పెద్ద కంపెనీ శాస్త్రీయ సంగీతానికి వేరే యాప్ తెచ్చి స్వరకర్త, రచన, కళాకారుల పేర్లతో వెతికే వీలు కల్పించింది. కాబట్టి సాంకేతికంగా కుదరదన్న మాట నిలవదు. అయితే వేరే యాప్ దాకా వెళ్లేది ఇదివరకే తెలిసినవాళ్లు. కొత్తగా వినేవాళ్లు ఉండేది మామూలు యాప్‌లోనే.

ఇక చట్టం. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 38బి సెక్షన్ ప్రకారం, ప్రదర్శన ఇచ్చిన కళాకారునికి ఆ ప్రదర్శన తనదేనని గుర్తింపు కోరే హక్కు ఉంది. పియానిస్టు కూడా కళాకారుడే. కవుల పాఠాలు చూపించడానికైతే హక్కుల అడ్డంకి కూడా లేదు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. రెనార్ 1910లో, మిర్మాఁ 1914లో, అపోలినేర్ 1918లో, జామ్ 1938లో పోయారు. సినిమా పాటకు లైను లైనుకూ సాహిత్యం వెలిగించి చూపిస్తున్నారు కదా, ఈ కవితలకు ఆ పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూపు లేని శ్రోతలకు ఫోన్ ఆ పాఠాన్ని చదివి వినిపిస్తుంది కూడా.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి.

1. ప్రతి పాటకూ కవి పేరు, అనువాదం ఉంటే అనువాదకుని పేరు తప్పనిసరి చేయండి. ఆ గడి ఖాళీగా ఉన్న కొత్త రికార్డింగును కంపెనీలు పంపకూడదు, యాప్‌లు తీసుకోకూడదు.

2. గొంతు, పియానో జంటగా ఉన్న రికార్డింగులో ఇద్దరి పేర్లూ ఒకే గీతలో, ఒకే సైజులో వేయండి. పియానిస్టు పేరు మీద నొక్కితే వారి మిగతా రికార్డింగులు రావాలి. చనిపోయిన స్వరకర్తను పాడినవారి గడిలో వేయడం ఆపండి.

3. వరుసగా వినవలసిన పాటల గుచ్ఛాలకు ఉచిత ఖాతాలో కూడా షఫుల్ తీసేయండి. పేరు రాసేటప్పుడు పాట సంఖ్య, పాట పేరు ముందు పెట్టి, గుచ్ఛం పేరు తర్వాత పెట్టండి. ఈ మార్పుకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

4. హక్కులు ముగిసిన కవితల పాఠం చూపించండి. అనువాదాలు మీరు చేయించలేకపోతే, ఇష్టపడి చేసేవారి నుంచి తీసుకుని వారి పేరుతో వేయండి. తెలుగులోకి చేయడానికి మేము సిద్ధం.

5. 30 సెకన్ల నియమం నుంచి గుచ్ఛంలో భాగమైన చిన్న పాటలను మినహాయించండి.

6. తప్పులు చెప్పడానికి ఒక మనిషి చదివే చిరునామా ఇవ్వండి. 30 రోజుల్లో సరిచేశామనో, చేయలేమనో, ఎందుకు చేయలేమో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

నేనూ, ఇక్కడ నాతో పాటు పాశ్చాత్య సంగీతం నేర్పే కొందరు మిత్రులూ కలిసి ఈ పాటల్లో మాకు కనిపించిన తప్పుల పట్టిక తయారు చేస్తున్నాం. ఏ ఆల్బమ్, ఎన్నో పాట, ఏ పేరు పోయింది, సరైన పేరు ఏది, అచ్చు స్వరలిపిలో ఎక్కడ ఉంది, అన్నీ రాస్తున్నాం. దీనికి మేము డబ్బు అడగడం లేదు. దాన్ని ఎవరికి పంపాలో చెప్పండి, చాలు. జవాబు నాకు విడిగా రాయనక్కర్లేదు, ఈ లేఖలాగే అందరికీ కనిపించేలా ఇవ్వండి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు, గాయనీగాయకులకు, పియానిస్టులకు కూడా ఒక విన్నపం: మీ ఫోన్‌లో పేరు లేని పాట కనిపిస్తే ఊరుకోకండి, ఆ యాప్‌కు అక్కడికక్కడే రాయండి.

ఇట్లు,
హైదరాబాద్‌కు చెందిన ఒక పియానో టీచర్